ఫ్రిజ్‌లో చెప్పులు

శ్రోతలకు నమస్కారం. ఈరోజు మా పిన్నీ బాబాయిల కాపురం గురించి చెప్తాను. పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది. బాబాయి చాలా మంచివాడు, కానీ పొద్దుగూకితే మందు పడాల్సిందే.

ఒకరోజు అర్ధరాత్రి వచ్చాడు. తాళంచెవి కన్నం చుట్టూ గీరుతూనే ఉంది, లోపలికి దూరదు. తలుపేమో దగ్గరగా వేసుందంతే, తాళమే వేయలేదు. చివరికి దానికి ఆనుకోగానే తెరుచుకుంది, ఆయన లోపల పడ్డాడు. పిన్ని లేస్తుందేమోనని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద నడుస్తూ వంటింట్లోకెళ్లి, ఫ్రిజ్ తెరిచి, వాటిని పై అరలో పక్కపక్కనే సర్దేసి, లైటు ఆర్పుతున్నాననుకుని ఫ్రిజ్ తలుపు మూశాడు. పిన్ని గుమ్మంలో నిలబడి అంతా చూస్తూనే ఉంది.

ఈ కథకి మేమందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదన్న సంగతి నాకు చాన్నాళ్లకి గానీ తట్టలేదు.

తెల్లారాక అడిగితే "ఒట్టు, నాకేం తెలీదే" అన్నాడు. పిన్నికి ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన అబద్ధమాడి ఉండకపోవచ్చు. గబగబా ఎక్కువ తాగేస్తే మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం జరిగేది జ్ఞాపకంగా దాచుకోవడం మానేస్తుంది. మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, పొద్దున్నకి ఏదీ గుర్తుండదు. అంటే పిన్ని రాత్రుళ్లు గొంతు చించుకుని అడిగినవి, ఏడ్చి చెప్పినవి చాలావరకు గాలికే పోయాయన్నమాట. బలవంతాన కాఫీ పట్టించినా, తలమీద నీళ్లు కుమ్మరించినా మత్తు తొందరగా దిగదు. లివరు తన లెక్కన తాను నెమ్మదిగా కరిగించాల్సిందే. అందుకే రాత్రి పడుకోనివ్వండి, పొద్దున్నే అడగండి.

అడగడానికీ ఓపిక ఉండాలి కదా. అమెరికాలో లోయిస్ అని ఒకావిడ ఉండేది. 1918లో పెళ్లి. భర్త బిల్ విల్సన్ ఏళ్ల తరబడి తాగి తాగి 1934లో మానేశాడు, మరుసటి ఏడాదే ఒక డాక్టరుతో కలిసి తాగుడు మానాలనుకునే వాళ్ల కోసం ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం మొదలుపెట్టాడు. ఆయన మానేశాక కూడా ఒకరోజు మీటింగుకి తొందరగా రమ్మన్నాడని ఆవిడ బూటు తీసి విసిరింది! అన్నాళ్లూ మింగిన కోపం ఎక్కడికి పోతుంది చెప్పండి? 1951లో ఆవిడ ఇంకొకామెతో కలిసి తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అనే సంఘం పెట్టింది. 1971లో ఆయన పోయేదాకా 53 ఏళ్లు కాపురం చేశారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. రోజూ బాగా తాగేవాళ్లని ఉన్నపళంగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు. డాక్టరుని అడిగే మాన్పించాలి. చెప్పకుండా అన్నంలో మందులు కలపడం కూడా ప్రమాదమే.

మా పిన్ని ఆ పొద్దున్న అరవలేదు. చల్లగా ఉన్న చెప్పుల జత తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ఏమండీ, రాత్రంతా నేను మేలుకునే ఉన్నాను" అంది. బాబాయి వాటిని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"డాక్టరు దగ్గరికి నువ్వు కూడా వస్తావా?" అన్నాడు.