తెల్ల ఐరిస్ పువ్వు బొమ్మను నమ్మకండి, ఆ సీసాలో ఉన్నది ఎండిన దుంప!

నమస్కారం. ఐరిస్ మొక్క నుంచి తీసే సెంటు పెట్టెల మీద ఆ మొక్క తెల్లని పువ్వు బొమ్మ వేస్తారు. అలా వేయడం న్యాయమేనా అన్నదే ఇక్కడ వివాదం. నేరుగా అసలు మాటకు వస్తాను. ఆ సీసాలో పువ్వు లేదు, ఒక్క రేకు కూడా లేదు. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరపు తెల్ల ఐరిస్ పువ్వు కమ్మగా పరిమళించే మాట నిజమే. కానీ సెంటు తయారీకి వాడేది ఆ పువ్వును కాదు, మట్టిలో అల్లం కొమ్ములా కణుపులు వేస్తూ పెరిగే దుంపను.

ఆ దుంపను తవ్వగానే ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చి మట్టి వాసన తప్ప మరేమీ తగలదు. ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతపు రైతులు మొక్కను 2, 3 ఏళ్లు పెంచి, దుంప తొక్కను చిన్న వంకీ కత్తితో చేత్తోనే గీకి, ఎండబెట్టి, ఆపైన 3 నుంచి 5 ఏళ్ల పాటు నిల్వ ఉంచితే, దానిలోని ఇరిడాళ్లు అనే పదార్థాలు నెమ్మదిగా ఆక్సీకరణం చెంది ఐరోన్లుగా మారతాయి. వయొలెట్ పువ్వును తలపించే ఆ చల్లని, పొడి వాసన వాటిదే. టన్ను ఎండు దుంపను ఆవిరితో బట్టీ పట్టినా దక్కే సారం సుమారు 2 కిలోలు మాత్రమే. అందులో మిరిస్టిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం అధికంగా ఉండి అది గడ్డకడుతుంది కనుక దానిని ఐరిస్ వెన్న అంటారు.

పైగా ఇప్పుడు అక్కడి చేలలో ఎక్కువగా పండేది లేత ఊదా పువ్వులు పూసే పల్లిడా రకం. అంటే బొమ్మలోని తెలుపు కూడా చాలా సీసాల విషయంలో అబద్ధమే! ఫ్లోరెన్స్ నగర చిహ్నంలోని పువ్వు ఐరిసే. 1251లో పోపు పక్షం వారైన గ్వెల్ఫులు, చక్రవర్తి పక్షం వారైన గిబెలిన్లను వెళ్లగొట్టాక, ఎర్రని నేల మీద తెల్లగా ఉన్న ఆ గుర్తును తెల్లని నేల మీద ఎర్రగా తిరగేశారు. నగరమే వదులుకున్న తెలుపును సెంటు కంపెనీలు మాత్రం వదలడం లేదు.

ఎందుకు వదలవో నా అభిప్రాయం చెబుతాను. 1893లో టీమన్, క్రూగర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఈ దుంప వాసన గుట్టు వెతుకుతూ వయొలెట్ వాసన వేసే అయోనోన్ అనే రసాయనాన్ని కృత్రిమంగా తయారుచేశారు. అప్పటి నుంచి దుంప లేకుండానే వయొలెట్ వాసన పుట్టించడం సాధ్యమైంది. ఏళ్ల తరబడి సరుకును గిడ్డంగిలో కదలకుండా ఉంచినవాడూ, నెలలో డబ్బాడు రసాయనం కలిపినవాడూ ఒకే పువ్వు బొమ్మ వేసుకుంటే కొనేవారికి తేడా ఎలా తెలుస్తుంది? ఆ తేడా తెలియకూడదనే ఆ బొమ్మను అంటిపెట్టుకున్నారని నేను గట్టిగా నమ్ముతున్నాను. బొమ్మ తీసేసి, దుంపను ఏ సంవత్సరంలో తవ్వారో, ఎన్నేళ్లు నిల్వ పెట్టారో పెట్టె మీద అచ్చు వేయమని అడగండి. ఎవరు వేయగలరో, ఎవరు ముఖం చాటేస్తారో అప్పుడు చూద్దాం.