కమిట్ మెసేజ్‌లో ‘అప్‌డేటెడ్ ఫైల్’ అని రాస్తే ఎవరికి ఏం తెలుస్తుంది?

నమస్తే. గిట్ ఇన్‌స్టాల్ చేయడం, ఫోర్క్ చేయడం, పుల్ రిక్వెస్ట్ తెరవడం మీకు వచ్చు కాబట్టి వాటి జోలికి పోను. ఈ వీడియో మొత్తం కమిట్ మెసేజ్ గురించే, అంటే కోడ్‌లో చేసిన మార్పును గిట్‌లో నమోదు చేసేటప్పుడు (అదే కమిట్) దాంతోపాటు రాసే వివరణ గురించే. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ కాలేజీల పిల్లలు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు పంపే కోడ్ చూస్తుంటాను. కోడ్ చాలాసార్లు చాలా బాగుంటుంది. మెసేజ్ దగ్గరికొచ్చేసరికి ‘అప్‌డేటెడ్ ఫైల్’, ‘ఫిక్స్’, ‘ఫైనల్’, దాని తర్వాత ‘ఫైనల్ 2’. ఎందుకిలా రాశారంటే అందరిదీ ఒకటే జవాబు: “కోడ్ చూస్తే తెలుస్తది కదా అన్నా!”

తెలియదు తమ్ముడూ. ఏం మారిందో తెలుస్తుంది, గిట్ దాన్ని గీత గీతకీ చూపిస్తుంది. ఎందుకు మార్చావో మాత్రం నీ తలలోనే ఉండిపోయింది.

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకెళ్లే ఇంట్లో పుట్టినవాళ్లకు తక్‌పట్టీ తెలుసు. కాంటా అయ్యాక చేతికిచ్చే కాగితం. బరువెంత, ధరెంత, కోత ఎంత అని అందులో ఉంటుంది. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ లెక్కలో పత్తి తేమ 8 శాతం దాటితే ధర తగ్గిస్తారు, 12 దాటితే కొనరు. ఇప్పుడు చెప్పండి, తక్‌పట్టీ మీద ‘ధర తగ్గింది’ అని మాత్రమే రాసిస్తే ఇంటికెళ్లాక నాన్న ఏమంటాడు? ఎందుకు తగ్గిందని అడుగుతాడు. ‘తేమ 11 శాతం, అందుకే ఇంత కోత’ అని ఉంటే లెక్క సరిచూసుకోవచ్చు, తప్పైతే వెళ్లి నిలదీయవచ్చు. అప్పటికి పత్తి జిన్నింగ్ మిల్లుకు వెళ్లిపోయింది, మళ్లీ తేమ చూద్దామన్నా కుదరదు. మిగిలింది ఆ కాగితమే. కమిట్ మెసేజ్ మీ కోడ్‌కు తక్‌పట్టీ.

ఒక ఉదాహరణ చూద్దాం.

[స్క్రీన్ మీద: వరంగల్‌లో / వరంగల్లో]

ఈ రెండూ చదవడానికి ఒకటే. కంప్యూటర్‌కు వేరు. మొదటిదాంట్లో ‘ల్’కీ ‘లో’కీ మధ్య కంటికి కనపడని ఒక అక్షరం ఉంది. యూనికోడ్‌లో దాని నంబరు 200సీ, పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. లకు ల వత్తు పడకుండా అదే ఆపుతుంది. మీరు రెండోలా టైప్ చేసి వెతికితే, మొదటిలా రాసిన వార్త ఆ సెర్చ్‌కు దొరకదు.

ఒకరు దీన్ని సరిచేశారనుకుందాం. పోల్చే ముందు ఆ అక్షరాన్ని తీసేసే లైన్ ఒక్కటి పెట్టారు. మెసేజ్: ‘ఫిక్స్డ్ సెర్చ్’. కొన్నాళ్లకు తెలుగు రాని ఇంకో డెవలపర్ ఆ లైన్ చూస్తాడు. కనపడని అక్షరాన్ని తీసేయడమేంటి, ఎవరో పొరపాటున పెట్టినట్టున్నారని దాన్ని డిలీట్ చేస్తాడు. సెర్చ్ మళ్లీ పాడైంది. లేదా ఇంకొకరు, ఎలాగూ తీసేస్తున్నాం కదా అని సేవ్ చేసే చోటే తీసేస్తారు. ఇది ఇంకా ఘోరం, రచయిత రాసిన పదాల రూపమే మారిపోతుంది. మార్చేముందు గిట్ బ్లేమ్ కొడితే ఆ లైన్ ఏ కమిట్‌లో వచ్చిందో చూపిస్తుంది. తీరా ఆ తక్‌పట్టీ తెరిస్తే ‘ధర తగ్గింది’ అనే ఉంది!

నేనైతే ఇలా రాస్తాను:

[స్క్రీన్ మీద]
వెతికేటప్పుడు జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను వదిలెయ్

‘వరంగల్లో’ అని వెతికితే ‘వరంగల్‌లో’ ఉన్న పేజీలు రావడం లేదు. చదవడానికి ఒకటే అయినా రెండోదాంట్లో కనపడని అక్షరం ఉండటమే కారణం.

పోల్చేటప్పుడు మాత్రమే తీసేస్తున్నాం. దాచిన పాఠంలో తీసేస్తే పదం కనిపించే తీరు మారిపోతుంది.

చూశారా, యూజర్‌కు ఏం కనపడింది, కారణమేంటి, ఇలాగే ఎందుకు చేశాం. మూడోదే అందరూ వదిలేస్తారు, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. ప్రాజెక్టులో ఇంగ్లిష్‌లో రాయాలి, నిజమే. ‘నాకు ఇంగ్లిష్ రాదన్నా’ అని చాలామంది ఆగిపోతారు. ముందు తెలుగులో ఇలా రాసుకోండి, తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెట్టండి. గ్రామర్ తప్పులుంటే ఎవరైనా దిద్దుతారు. కారణం మీకు తప్ప ఎవరికీ తెలియదు.

మొదటి లైన్ 50 అక్షరాల దగ్గర ఆపమంటారు, తర్వాత ఒక ఖాళీ లైన్ వదలమంటారు. ఖాళీ లైన్ దాకా ఉన్నదాన్నే గిట్ శీర్షికగా తీసుకుంటుంది, వదలకపోతే అంతా కలిసిపోతుంది. కింది లైన్లు 72 అక్షరాలకు మడవాలి, ఎందుకంటే కమిట్ల జాబితా చూపే గిట్ లాగ్ ప్రతి లైన్ ముందు నాలుగు ఖాళీలు పెట్టి చూపిస్తుంది, 80 అక్షరాల టెర్మినల్‌లో పట్టాలి. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను రాసేవాళ్లు మెసేజ్‌ను ఆజ్ఞలాగా రాయమంటారు: ‘వదిలెయ్’, ‘చేర్చు’. గిట్ పుట్టిందే ఆ కెర్నల్ కోసం, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాశారు. ఒకరి ముఖం ఒకరు చూడని వేలమంది ఒకే కోడ్ మీద పనిచేసే చోటు అది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

రెండు రకాల పత్తి కలిపి ఒకే తక్‌పట్టీ రాయించరు కదా. కమిట్ కూడా ఒక పనికి ఒకటి. గిట్ బైసెక్ట్ వెయ్యి కమిట్లలో తప్పు ఎక్కడ మొదలైందో దాదాపు పది పరీక్షల్లో పట్టిస్తుంది. తీరా ఆ కమిట్‌లో ఐదు పనులు కలిపి ఉంటే మళ్లీ మీరే వెతుక్కోవాలి. అన్నీ కలిపి మార్చేశారా? గిట్ యాడ్‌కు మైనస్ పి పెట్టండి, ముక్కలుగా ఎంచుకోవచ్చు.

సైన్డ్ ఆఫ్ బై లైన్ అడిగే ప్రాజెక్టుల్లో కమిట్‌కు మైనస్ ఎస్ పెడితే చాలు. పెట్టేముందు దాని అర్థం చదవండి. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని సంతకం చేస్తున్నారు. ఎక్కడి నుంచో కాపీ చేసిన కోడ్ అయితే లైసెన్స్ చూడకుండా ఆ సంతకం పెట్టకండి.

రీడ్‌మీలో, అంటే ప్రాజెక్టును పరిచయం చేసే ఫైల్‌లో, ఒక పదం మార్చి కాంట్రిబ్యూషన్ అనిపించుకోకండి. కోడ్ పంపినవాళ్లకు టీషర్టులిచ్చే కార్యక్రమం, 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో టీషర్టుల కోసం అలాంటివి కుప్పలుగా వచ్చిపడ్డాయి. చివరికి, ఒప్పుకున్న ప్రాజెక్టుల్లో చేసినవే లెక్కలోకి వచ్చేలా నిర్వాహకులు మధ్యలోనే నిబంధన మార్చారు. ప్రాజెక్టును చూసుకునే మెయింటెయినర్లలో చాలామంది జీతం లేకుండా రాత్రిపూట కూర్చుని చూసేవాళ్లు. వాళ్ల టైమ్‌కు విలువివ్వండి. నిజంగా తప్పున్న చోట దిద్దితే మాత్రం ఒక్క పదమైనా మంచిదే.

రివ్యూలో మార్పు అడిగితే ‘రివ్యూ కామెంట్స్ ఫిక్స్డ్’ అని కొత్త కమిట్ వేయకుండా, ప్రాజెక్ట్ అభ్యంతరం చెప్పకపోతే, రీబేస్ (పాత కమిట్లను తిరగరాసే గిట్ కమాండ్) చేసి పాత కమిట్‌నే సరిచేయండి. జవాబు రాకపోతే టెన్షన్ పడొద్దు. కనీసం ఒక వారం ఆగమని కెర్నల్ నియమాల్లోనే ఉంది. ఆ తర్వాత అదే థ్రెడ్‌లో మర్యాదగా ఒక్కసారి గుర్తుచేయండి.