సెపుల్తూరా: థ్రాష్‌లోకి బ్రెజిల్‌ను తెచ్చినవాళ్లు

సింధు: నమస్కారం. ఇవాళ సెపుల్తూరా అనే మెటల్ బ్యాండ్ గురించి. థ్రాష్, అంటే మెటల్ సంగీతంలో బాగా వేగంగా, దూకుడుగా సాగే శైలి, అనగానే అందరి చూపూ కాలిఫోర్నియా వైపే పోతుంది. వీళ్లేమో బ్రెజిల్‌లోని బెలో హొరిజోంచి కుర్రాళ్లు. కదా అన్నా?

కిరణ్: అవును. 1984లో మాక్స్, ఇగోర్ కవలేరా అన్నదమ్ములు మొదలుపెట్టారు. అప్పటికే నాన్న గుండెపోటుతో పోయాడు, ఇంట్లో డబ్బుకి కటకట. దేశంలో సైనిక పాలన ఇంకా ముగియలేదు. మాక్స్ గిటార్ ఎప్పుడైనా గమనించావా? ఆరు తీగలు ఉండాల్సిన చోట నాలుగే ఉంటాయి. సన్న తీగలు రెండూ లేకుండానే వాయిస్తాడు. అతని రిఫ్‌లకు, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసలకు, లావు తీగలు చాలు. పెద్ద స్టార్ అయ్యాక కూడా ఆ నాలుగే!

సింధు: మరి గిటార్ ఒక్కటే ముందుకొచ్చి మోగే సోలోలు?

కిరణ్: వాటికి 1987లో ఆండ్రియాస్ కిస్సెర్ వచ్చాడు. దాంతో వాయింపుకి పదును వచ్చింది. 1989లో 'బినీత్ ద రిమైన్స్', 1991లో 'అరైజ్'. ఆ రెండు ఆల్బమ్‌లతోనే ఆగిపోయినా వీళ్లని మర్చిపోయేవాళ్లం కాదు.

సింధు: నన్నడిగితే అసలు కథ 1993లో 'కేయాస్ ఏ.డి.'తో మొదలైంది. వేగం తగ్గింది, బరువు పెరిగింది. అంతకు ముందు ఏడాది సావో పాలోలోని కరందిరు జైల్లో పోలీసులు 111 మంది ఖైదీల్ని చంపేశారు. 'మానిఫెస్ట్' పాట దాని గురించే. ఇక 'కయోవాస్'లో మాటలే లేవు. బ్రెజిల్‌లోని ఓ ఆదివాసీ తెగ గోడు మీద కట్టిన ఆ బాణీని వేల్స్‌లో ఓ పాత కోట శిథిలాల్లో రికార్డు చేశారు. అకూస్టిక్ గిటార్లు, డ్రమ్ములు, అంతే. వింటే ఒళ్లు జలదరిస్తుంది.

కిరణ్: ఆ తర్వాతి ఆల్బమ్ 'రూట్స్' ఇంకో మెట్టు పైన. షావాంటే ఆదివాసీల ఊరికే వెళ్లి, వాళ్లతో కలిసి పాడి రికార్డు చేసుకొచ్చారు. బ్రెజిల్‌లోని బయా రాష్ట్రం నుంచి కార్లిన్యోస్ బ్రౌన్ వచ్చి తాళవాద్యాలు వాయించాడు. ఇది థ్రాష్ కాదని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఇగోర్ డ్రమ్స్‌లో ఆ ఊపు అంతకు ముందు ఏ మెటల్ బ్యాండ్‌లోనూ నేను వినలేదు.

సింధు: సరిగ్గా అప్పుడే విడిపోయారు.

కిరణ్: అదే నాకు బాధ. 1996 ఆగస్టులో మాక్స్ భార్య గ్లోరియా కొడుకు డేనా చనిపోయాడు. ఆమే బ్యాండ్ మేనేజర్ కూడా. ఆ దుఃఖం ఆరకముందే, ఇక ఆమెతో కాంట్రాక్టు కొనసాగించబోమని మిగతావాళ్లు తేల్చేశారు. డిసెంబర్ 16న లండన్ షో అయ్యాక మాక్స్ వెళ్లిపోయాడు. 2006లో ఇగోర్ కూడా.

సింధు: చాలామంది అక్కడితో వినడం ఆపేశారు. అది డెరిక్ గ్రీన్‌కి అన్యాయం. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నుంచి వచ్చి, మాక్స్ స్థానంలో గాయకుడిగా పాతికేళ్లకు పైగా ఆ మైకు పట్టుకున్నాడు. 2020లో వచ్చిన 'క్వాడ్రా' ఆల్బమ్ వినండి, డ్రమ్స్ మీద ఎలోయ్ కాసాగ్రాండే. అతను 2024లో, సెపుల్తూరా వీడ్కోలు టూర్ మొదలయ్యే ముందు, స్లిప్‌నాట్ అనే అమెరికా మెటల్ బ్యాండ్‌కి వెళ్లిపోయాడు.

కిరణ్: టూర్ మాత్రం ఆగలేదు. ఆ ఖాళీలోకి గ్రేసన్ నెక్రుట్‌మన్ వచ్చి డ్రమ్స్ అందుకున్నాడు.