సిజేరియన్ వస్తే చాలా? సియెర్రా లియోన్ వెళ్లాలనుకునే గైనకాలజిస్టులతో నాలుగు మాటలు

నమస్తే. మొన్న ఒక పీజీ అమ్మాయి మెసేజ్ పెట్టింది, "మేడం, నాకు సిజేరియన్లలో బాగా చెయ్యి తిరిగింది, ఆఫ్రికాలో వాలంటీర్‌గా వెళ్తే పనికొస్తానా?" అని. ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. వెళ్లాలన్న ఆ మనసుకి దండం పెడతాను. కానీ "సిజేరియన్ వస్తే చాలు" అన్న నమ్మకం చూస్తే మాత్రం నాకు ఊరుకోబుద్ధి కాదు. నేను సియెర్రా లియోన్‌లో ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేశాను, అక్కడ నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసినవన్నీ సిజేరియన్ చేయాలా వద్దా అని ఆగిన కేసులే.

మనవాళ్లకి ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. పీజీ మూడేళ్లలో కోతలు లెక్కలేనన్ని చూస్తారు, వాక్యూమ్ (బిడ్డ తలకి కప్పు అంటించి కింది నుంచి లాగే సాధనం) పెట్టడం మాత్రం ఎప్పుడో ఒకసారి. అది ఎవరి తప్పు అన్నది ఇంకో వీడియోకి సరిపడా విషయం, ఇప్పుడు దానిలోకి వెళ్లను.

ఒక అమ్మాయిని ఊహించుకోండి. పేరు ఫాత్మాతా అనుకుందాం, అక్కడ ఇంటింటా ఉండే పేరు. ఇరవయ్యేళ్లు, తొలి కాన్పు. కెనెమా జిల్లాలో లోపలెక్కడో ఊరు. మే నుంచి అక్టోబర్ దాకా అక్కడ వానలు, ఎర్రమట్టి రోడ్డు కాస్తా బురద గుంట అయిపోతుంది. నిన్న సాయంత్రం నుంచి నొప్పులు. ఒకాడా అంటారు అక్కడ, అద్దె మోటార్ సైకిల్, దాని మీద ముందు డ్రైవరు, వెనక అత్తగారు పట్టుకుని మధ్యలో ఈ పిల్లని కూర్చోబెట్టి తెచ్చారు. మీరు చూసేసరికి ఫుల్లీ డైలేట్ అయింది, అంటే ముఖద్వారం పూర్తిగా తెరుచుకుంది, తల బాగా దిగింది, పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే తలలో ఐదో వంతు మాత్రమే పైన తగులుతోంది, బిడ్డ గుండె తొంభైకి పడిపోతోంది.

హైదరాబాద్‌లో అయితే ఏం చేస్తారు? చాలా చోట్ల థియేటర్‌కి ఫోన్ చేస్తారు. అరగంటలో బిడ్డ బయట, అందరూ క్షేమం.

అక్కడ అదే పని చేశారనుకోండి, ఆ రోజుకి తల్లీబిడ్డా బాగానే ఉంటారు. రెండుమూడేళ్లకి ఫాత్మాతాకి మళ్లీ నెలలు నిండుతాయి. అదే ఊరు, అదే వాన, అదే రోడ్డు, ఈసారి గర్భసంచి మీద మీరు పెట్టిన కుట్టు. మీరు అప్పటికి ఎక్కడో కరీంనగర్‌లోనో లండన్‌లోనో డ్యూటీలో ఉంటారు. ఒకసారి సిజేరియన్ అయినవాళ్లు మామూలు కాన్పుకి ప్రయత్నిస్తే కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి అని మనం చదువుకున్నాం కదా, ఆ లెక్క మానిటరూ థియేటరూ రక్తం పక్కనే ఉన్న చోట వేసింది. గంటలకొద్దీ ప్రయాణం ఉన్న ఊళ్లో గర్భసంచి చిట్లితే బిడ్డ దక్కదు, చాలాసార్లు తల్లీ దక్కదు. పైగా అక్కడ నలుగురు పిల్లలు మామూలు విషయం. అంటే మీరు తీసుకునే నిర్ణయం ఈ ఒక్క కాన్పుకి కాదు, ఇంకో మూడు కాన్పులకి.

అందుకే ఇక్కడ వాక్యూమ్. ముందు మూత్రం తీసేయాలి. వేలితో బిడ్డ తల ఎముకల మధ్య కుట్టురేఖ వెంబడి వెళ్లి వెనక మాడు ఎక్కడుందో పట్టుకోవాలి, దానికి 3 సెంటీమీటర్ల ముందు కప్పు మధ్యభాగం వచ్చేలా పెట్టాలి. తర్వాత కప్పు చుట్టూ వేలు తిప్పి చూడాలి, తల్లి కండ ఏమైనా లోపల ఇరుక్కుందేమో అని. ఈ ఒక్క పని మర్చిపోతే ఎంత చింపేస్తామో చెప్పలేను. నొప్పి వచ్చినప్పుడే, ఆమె ముక్కుతున్నప్పుడే లాగాలి, ముందు కిందికి, తల బయటికి వస్తుంటే పైకి. మూడుసార్లు లాగినా తల దిగకపోతే ఆపేయాలి, పంతానికి పోకూడదు. ఇది ఇక్కడే, మీ సీనియర్ పక్కన నిలబడి ఉండగానే నేర్చుకుని వెళ్లండి. అక్కడికి వెళ్లి నేర్చుకుందాంలే అనుకోవడం అన్యాయం, ఆ ఆడవాళ్లు మన ప్రాక్టీసు కోసం లేరు. ఈ మాట కఠినంగా ఉన్నా నేను వెనక్కి తీసుకోను.

సిజేరియన్ వద్దని నేననడం లేదు. మాయ ముఖద్వారానికి అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, తల పైనే ఉండిపోయినా క్షణం ఆలోచించకుండా చేయాల్సిందే. ఇలాంటి దేశాల్లో చాలామంది తల్లులు సిజేరియన్ అందకే చనిపోతున్నారు. 2020కి ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం సియెర్రా లియోన్‌లో లక్ష జననాలకు 443 మంది తల్లులు చనిపోయారు. మన దగ్గర 2018-20 లెక్కల్లో తెలంగాణలో 43, ఏపీలో 45. దాదాపు పది రెట్ల తేడా.

ఇప్పుడు ఫాత్మాతాని ఇంకోలా చూద్దాం. నది పొంగి దారి లేక రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. జ్వరం, వాసన వస్తున్న ఉమ్మనీరు, తల ఇరుక్కుపోయి ఉంది. థియేటర్‌కి తీసుకెళ్లారు. టేబుల్ మీద, కోత పెట్టబోయే ముందు, మళ్లీ ఒకసారి బిడ్డ గుండె వినండి. గంట క్రితం ఎవరో విన్నారు కదా అని వదిలేయొద్దు. బిడ్డ పోయి ఉంటే, అంత ఇన్ఫెక్షన్‌లో పొట్ట కోస్తే చీము లోపలికంతా పాకి తల్లి ప్రాణం మీదికి రావచ్చు, బతికితే పైన చెప్పిన కుట్టు కథ మళ్లీ మొదలు. అప్పుడు గర్భసంచి చిట్లలేదని నిర్ధారించుకుని, ముఖద్వారం పూర్తిగా తెరుచుకుని ఉంటే, చనిపోయిన బిడ్డ తలని చిన్నది చేసి కింది నుంచే తీస్తారు. పుస్తకంలో ఆ పేజీ మనందరం తిప్పేసి వెళ్లిపోయాం. అది చేసిన రోజు రాత్రి నిద్ర పట్టదు. అయినా కళ్ల ముందు బతికున్న ఆ తల్లి కోసం చేయాల్సిన పని అది.

తర్వాత ఆమెకి కనీసం రెండు వారాలు మూత్రం గొట్టం ఉంచండి. రోజులకొద్దీ తల నొక్కేసిన చోట కండ చచ్చిపోయి మూత్రాశయానికి రంధ్రం (ఫిస్టులా) పడుతుంది, గొట్టం ఉంచితే చిన్న రంధ్రాలు కొన్ని వాటంతటవే మూసుకుంటాయి. 1959లో ఇథియోపియా వచ్చిన కేథరిన్, రెజినాల్డ్ హామ్లిన్ దంపతులు ఈ ఫిస్టులా బాధితుల కోసమే 1974లో అడిస్ అబాబాలో ప్రత్యేకంగా ఆసుపత్రి పెట్టారు. కేథరిన్ 2020లో చనిపోయేదాకా ఇథియోపియాలోనే ఉన్నారు.

సరే, కోత పెట్టక తప్పలేదనుకుందాం. అప్పుడు మీ పని డిశ్చార్జ్ దాకా ఉంటుంది. ఎందుకు చేశారు, గర్భసంచి మీద కోత ఎటు పెట్టారు అన్నది ఆమె చేతికిచ్చే కార్డు మీద రాయండి. భర్తనీ అత్తగారినీ కూర్చోబెట్టి, క్రియో, మెండే, టెమ్నే, ఏది వాళ్ల భాషైతే అందులో నర్సు చేత చెప్పించండి: వచ్చేసారి ఎనిమిదో నెలలోనే వచ్చేయాలి, ఇక్కడే ఉండాలి. కొన్ని ఆసుపత్రుల పక్కన ఇందుకోసమే వసతి గదులుంటాయి. మన విజయనగరం వైపు సాలూరులో గిరిజన గర్భిణుల కోసం పెట్టిన హాస్టల్ ఇదే ఆలోచన. పాడేరు కొండల్లో డోలీలో మోసుకొచ్చిన గర్భిణిని చూసినవాళ్లకి నేను ఫాత్మాతా గురించి ఇంత వివరంగా చెప్పక్కర్లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను.

రక్తస్రావం. గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి, కరెంటు పోతే ఫ్రిజ్‌ని నమ్మలేం. వేడిని తట్టుకునే కార్బెటోసిన్ ఉందేమో, మీసోప్రోస్టాల్ ఎంత ఉందో వెళ్లిన రోజే చూసుకోండి. రక్తం గడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్ 1 గ్రాము, కాన్పయిన మూడు గంటల్లోపే. ఇవేవీ ఆపకపోతే ఫోలీ కేథెటర్ (మూత్రం గొట్టం) చివర కండోమ్ తొడిగి, కుట్టుదారంతో గట్టిగా కట్టి, గర్భసంచిలో పెట్టి సెలైన్ నింపండి. బంగ్లాదేశ్ డాక్టర్ సయేబా అఖ్తర్ చూపించిన పద్ధతి ఇది, ఈ గురువారమే మీ లేబర్ రూమ్‌లో ఒకటి కట్టి నీళ్లు నింపి చూడండి. రక్తం మాత్రం బ్యాంకులో ఉంటుందనుకోవద్దు, బంధువుల్లోంచే దాత దొరకాలి.

గర్భిణులకి బీపీతో వచ్చే ఫిట్స్‌కి మెగ్నీషియం సల్ఫేట్. ప్రతి డోసు ముందు మోకాలి రిఫ్లెక్స్, శ్వాస, మూత్రం చూడండి, దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పక్కన పెట్టుకోండి.

అక్కడి మనుషులు. మీరు వెళ్లిపోయాక కాన్పులు చేసేది మిడ్‌వైఫ్‌లు, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు. 2011 నుంచి కాపాకేర్ అనే సంస్థ అక్కడి హెల్త్ ఆఫీసర్లకి సర్జరీలో శిక్షణ ఇస్తోంది, ఎంబీబీఎస్ లేకుండానే వాళ్లు సిజేరియన్లు చేస్తారు, బాగా చేస్తారు. 2014 ఎబోలాలో కెనెమా ప్రభుత్వ ఆసుపత్రి తన సొంత నర్సులనే ఎందరినో పోగొట్టుకుంది, ఆ తర్వాత కూడా డ్యూటీకి వచ్చినవాళ్లు వీళ్లు. స్పెషలిస్టుని కదా అని వాళ్ల మీద అరవడానికి మనమెవరం? వాక్యూమ్ మీరు పెట్టకండి, వాళ్ల చేత పెట్టించి మీరు పక్కన నిలబడండి.

చివరిగా మీ ఒళ్లు. కెనెమా ప్రాంతంలో లస్సా జ్వరం ఉంది, రక్తం ద్వారా అంటుకుంటుంది, గర్భిణుల్లో మరీ ప్రమాదకరం. జ్వరంతో రక్తస్రావం అవుతున్న కేసు వస్తే, ఎంత తొందరున్నా, పూర్తి పీపీఈ వేసుకున్నాకే ముట్టుకోండి. మలేరియా మాత్రలు మానొద్దు. యెల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే అక్కడ దిగనివ్వరు, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోండి. ఎమ్మెస్సెఫ్‌కి (డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ అనే సేవాసంస్థ) అప్లికేషన్ ఎలా పెట్టాలి, అక్కడి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సంగతేంటి అన్నవి వచ్చే వీడియోలో చెప్తాను, ఈలోపు మీ ప్రశ్నలు కింద రాయండి.