ఇంటిపేరు కాదు, పాత ఇంటి ఓనరు నంబరు అడగండి

[దృశ్యం: గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు. గేటు ముందు ఆగిన బైకు.]

బోర్డు కట్టిన గంటకే ఒకరు వచ్చారు. పై పోర్షన్ చూశారు, నచ్చిందన్నారు. అప్పుడు మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న: "మీ ఇంటిపేరు ఏమిటండీ?" అందులోంచి కులం ఆరా తీస్తాం. ఆ తర్వాత పెళ్లయిందా, మాంసం తింటారా అని అడుగుతాం. ఇవి తెలియగానే ఏదో భరోసా దొరికినట్టు అడ్వాన్సు తీసుకుని తాళం చేతిలో పెడతాం.

అద్దె ఎగవేసేవారికీ ఇంటిపేరు ఉంటుంది. దొంగ ఆధార్ చూపించేవారికీ పెళ్లి అయి ఉంటుంది. ఆ ప్రశ్నలు మన ఇంటిని కాపాడవు, పైగా ఎదుటి మనిషిని నొప్పిస్తాయి. ఉద్యోగం కోసం కొత్తగా ఊరికి వచ్చిన పిల్లలు ఆ ప్రశ్న విని, మాట్లాడకుండా మెట్లు దిగిపోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మరి ఏం అడగాలి? ముందుగా, ఇప్పటిదాకా ఎక్కడ ఉన్నారో అడగండి.

[తెరపై: ఇప్పుడున్న ఇల్లు – అంతకుముందు ఇల్లు]

ఇప్పుడున్న ఇంటి ఓనరుకు ఫోన్ చేయడం మంచిదే. కానీ ఆయన మాటను పూర్తిగా నమ్మలేం. ఇబ్బంది పెట్టే మనిషి ఎప్పుడు ఖాళీ చేస్తాడా అని ఎదురుచూసేవారు "బంగారం లాంటి మనిషి" అనే చెబుతారు. అందుకే అంతకుముందు ఇంటి ఓనరు నంబరు కూడా తీసుకోండి. ఆయనకు దాచవలసిన అవసరం లేదు. అద్దె ఏ తేదీకి ఇచ్చేవారు, కరెంటు బిల్లు బాకీ పెట్టారా, వెళ్లేటప్పుడు ఇల్లు ఎలా అప్పగించారు అని అడగండి. ఆ నంబరు నిజంగా ఓనరుదేనా, స్నేహితుడిదా అన్న అనుమానం ఉంటే, ఎన్నో అంతస్తు, అద్దె ఎంత అని ఆయన్నే చెప్పనివ్వండి. వీలైతే ఒకసారి ఆ అపార్ట్‌మెంటుకు వెళ్లి వాచ్‌మన్‌తో మాట్లాడండి. పది కాగితాలు చెప్పని సంగతి అతను రెండు నిమిషాల్లో చెబుతాడు.

ఆధార్ జిరాక్స్ చేతికిస్తే సరిపోదు. జిరాక్స్‌లో ఫోటో మార్చడం పెద్ద పనేమీ కాదు. అసలు కార్డు అడిగి, దాని మీదున్న క్యూఆర్ కోడ్‌ను, ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ వారి యాప్‌తో స్కాన్ చేయండి. పేరు, చిరునామా, ఫోటో కనిపిస్తాయి. అవి కార్డుతోనూ, ఎదురుగా ఉన్న మనిషితోనూ సరిపోలాలి. దగ్గర ఉంచుకోవడానికి మాత్రం చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు. ఉద్యోగం విషయంలో, మెడలోని గుర్తింపు కార్డు కంటే మూడు నెలల జీతం స్లిప్పులు నమ్మదగినవి. జీతంలో మూడో వంతు మించి అద్దె కట్టవలసి వస్తే, ఆ మాట అప్పుడే మనసు విప్పి మాట్లాడుకోవడం ఇద్దరికీ మేలు.

కోర్టు కేసులున్నాయేమో ఈ-కోర్టుల వెబ్‌సైట్లో పేరుతో ఉచితంగా వెతకవచ్చు. కానీ ఒకే పేరు వందల మందికి ఉంటుంది. తండ్రి పేరు, ఊరు సరిపోలకుండా ఎవరినీ అనుమానించకండి.

[దృశ్యం: ఫోన్ తెర మీద క్యూఆర్ కోడ్]

ఇల్లు చూడకుండానే సరే అనేవారితో జాగ్రత్త. "సైన్యంలో పనిచేస్తున్నాను, మీ ఊరికి బదిలీ అయింది, అడ్వాన్సు ఇప్పుడే పంపుతాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతుంది. ఫోన్ పెట్టేయండి. ఈపాటికే డబ్బు పోయి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక పోలీసుల మాట. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్‌ దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. ఆ పని చేసినవారు నగర శివారులోని అబ్దుల్లాపూర్‌మెట్‌లో అద్దె ఇంట్లో మకాం వేసినట్టు జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) దర్యాప్తులో తేలింది. అద్దెకు దిగినవారి వివరాలు ఇమ్మని పోలీసులు పదే పదే ఎందుకు అడుగుతారో ఇందులోనే ఉంది. అలా ఇవ్వాలని అధికారులు ఉత్తర్వు జారీ చేసిన చోట ఇవ్వకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 223 కింద కేసు పెట్టవచ్చు. ఆరు నెలల వరకు జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చేలా ఉంటే శిక్ష ఇంకా పెరుగుతుంది. ఉత్తర్వు ఉన్నా లేకపోయినా స్టేషన్‌కు వెళ్లి ఫారం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తర్వాత ఏదైనా జరిగితే మీ పక్షాన నిలిచే కాగితం అదే.

ఒప్పందంలో ఒక వాక్యం తప్పక ఉండాలి: ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఈ ఇంటిని మరొకరికి అద్దెకు గానీ లీజుకు గానీ ఇవ్వకూడదు. అద్దెకు దిగి, ఓనరునని నమ్మించి, వేరే కుటుంబం దగ్గర లక్షల్లో లీజు డబ్బు తీసుకుని మాయమయ్యే మోసాలు జరుగుతున్నాయి. ఆ ఒక్క వాక్యంతో మోసం ఆగకపోవచ్చు. అందుకే మొదటి రెండు మూడు నెలలు అద్దె కోసం మీరే వెళ్లి, ఇంట్లో ఉన్నది ఎవరో చూసి రండి.

వచ్చినవారికీ మనల్ని ప్రశ్నించే హక్కుంది. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు వారు అడగకముందే చూపించండి.

[దృశ్యం: వాట్సాప్‌లో వరుసగా ఆధార్ ఫోటోలు]

ఒక్క ఇంటికి పది మంది వచ్చి ఉంటారు. ఇల్లు దొరకని తొమ్మిది మంది ఆధార్ ఫోటోలు, జీతం స్లిప్పులు ఇంకా మీ ఫోన్లోనే ఉన్నాయి. ఈ వీడియో ఆపి, ముందు వాటిని తీసేయండి.