శాంపిల్ పనికిరాలేదు, మళ్లీ పంపండి

శ్రోతలకు నమస్కారం.

ఆసుపత్రిలో అయినవాళ్ల మంచం పక్కన నాలుగు రోజులు కూర్చున్నవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. పొద్దున్నే సిస్టర్ వచ్చి రక్తం తీసుకెళ్తుంది. పదకొండు దాటినా రిపోర్టు రాదు. సిస్టరే మళ్లీ సూది పట్టుకుని వస్తుంది. "ఇందాకే తీశారు కదమ్మా?" అంటే, "ల్యాబ్‌వాళ్లు మళ్లీ పంపమన్నారండీ" అంటుంది. ల్యాబ్ కిటికీ దగ్గరికెళ్లి అడిగితే, "వార్డువాళ్లు సరిగ్గా పంపలేదు" అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మధ్యలో రెండోసారి పొడిపించుకునేది మాత్రం పేషెంటు. నేను ల్యాబ్ వైపు మనిషిని. ఆ పక్షపాతం ఎక్కడైనా వినబడితే సర్దుకోండి.

ల్యాబ్ నుంచి వార్డుకి వెళ్లే ఫోను ఎలా ఉంటుందంటే, "సిస్టర్, మేల్ వార్డు పన్నెండో బెడ్ శాంపిల్ హీమోలైజ్ అయింది, మళ్లీ పంపండి." హీమోలైజ్ అంటే రక్తకణాలు చితికిపోవడం. ఆ ఒక్క ముక్క చెప్పి టక్కున పెట్టేస్తారు. అవతల ఆ సిస్టర్ చేతిలో ముప్ఫై మంది పేషెంట్లు, రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు, అయిపోవస్తున్న సెలైన్లు. ఆమెకి అర్థమయ్యేది ఒక్కటే: తన పని బాగోలేదన్నారు. ఎందుకు బాగోలేదో చెప్పలేదు. రేపు కూడా అలాగే తీస్తుంది, రేపు కూడా అదే ఫోను వస్తుంది.

ఆ ఎందుకు అన్నది రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. మన ఎర్ర రక్తకణాల లోపల పొటాషియం బయటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సన్న సూదితో లాగి, సూది తీయకుండానే సిరంజిలోని రక్తాన్ని బలంగా నొక్కి ట్యూబులోకి పంపితే కణాలు చితికి ఆ పొటాషియం అంతా బయట పడుతుంది. రక్తంలో 3.5 నుంచి 5 దాకా ఉండాల్సిన పొటాషియం మిషన్‌లో 7 చూపిస్తుంది. నిజంగా 7 ఉంటే గుండె ఏ క్షణాన్నైనా లయ తప్పొచ్చు, డాక్టరు పరిగెత్తుకొస్తారు. లేనిదానికి వైద్యం చేస్తే అదో ప్రమాదం. ట్యూబుని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ మిషన్‌లో పెట్టి తిప్పాక పైన తేరిన ద్రవం లేత పసుపులో కాకుండా ఎర్రగా కనబడితే, టెక్నీషియన్ ఆ అంకెని నమ్మడు. అందుకే వెనక్కి పంపుతాడు. సూది తీసేసి, ట్యూబు గోడ వెంబడి రక్తాన్ని మెల్లగా జారనివ్వండి సిస్టర్ అని అప్పుడే ఓ మాట అంటే గొడవే లేదు. అనరు. తీరిక లేక కొంత, ఇదీ చెప్పాలా అన్న దర్పం కొంత.

ల్యాబ్‌కి వార్డు ఎంత తెలియదో వార్డుకి ల్యాబూ అంతే తెలియదు. "పంపి గంటయింది, ఒక్క ట్యూబుకి ఇంతసేపా?" అని వార్డు విసుక్కుంటుంది. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం, దాని పరీక్షలకి తీసే మామూలు ఎర్ర మూత ట్యూబులో రక్తం గడ్డకట్టడానికే అరగంట పడుతుంది. తర్వాత ఓ పది నిమిషాలు తిప్పాలి. ఆ పైనే మిషన్. ఆ అరగంట టెక్నీషియన్ ట్యూబుని చూస్తూ కూర్చున్నా, నిలబడినా రక్తం తన టైం తాను తీసుకుంటుంది. నైట్ డ్యూటీలో ఒక్కడే ఉండి, అదే సమయానికి మిషన్ కంట్రోల్స్, అంటే మిషన్ సరిగ్గా చూపిస్తోందో లేదో చూసే పరీక్షలు, ఫెయిలైతే ఇంకా ఆలస్యం. ఇవేవీ వార్డు ఫోనులో వినబడవు.

ఇటలీలో పాడువా ఆసుపత్రి ల్యాబ్ తప్పుల్ని లెక్కగట్టి మారియో ప్లెబానీ, పావోలో కరారో 1997లో ఒక వ్యాసం ప్రచురించారు. దొరికిన తప్పుల్లో 68 శాతం పరీక్ష మొదలుకాక ముందు జరిగినవే. ఈ అంకె మా ల్యాబ్‌వాళ్లకి కంఠతా వచ్చు. మీటింగు పెడితే చాలు, "చూశారా, తప్పంతా మీదే" అని నర్సుల ముందు పెడతారు. నాకది న్యాయంగా తోచదు. డాక్టరు ఒక పేషెంటుకి రాయాల్సిన టెస్టు ఇంకొకరికి రాసినా, దారిలో ట్యూబు ఎక్కడో ఆగిపోయినా అవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. అదీ కాక, ఏ ట్యూబులో ఎంత రక్తం పోయాలో నర్సుకి దగ్గరుండి చూపించిన ల్యాబ్ మనిషి ఎంతమంది? నర్సింగ్ చదివే పిల్లలూ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలూ ఒకే ఆవరణలో తిరుగుతారు, ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతారు, ఒక్క క్లాసులో కలిసి కూర్చోరు.

వానాకాలం వచ్చి డెంగీ మొదలైతే మన ఊళ్లలో ఇది ఇంకా తేటగా కనబడుతుంది. ప్లేట్‌లెట్ల కోసం తీసే ఊదా మూత ట్యూబులో గడ్డకట్టనివ్వని మందు ఉంటుంది. రక్తం పోశాక ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. అలా చేయకపోతే లోపల చిన్న చిన్న గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు వాటిలో ఇరుక్కుపోతాయి, కౌంటు పడిపోయినట్టు వస్తుంది. ఆ కాగితం చూసి ఇంటిల్లిపాదీ దాతల కోసం ఫోన్లు కొడతారు. పనితెలిసిన టెక్నీషియన్ ట్యూబులో పుల్లతో కలిపి గడ్డ ఉందేమో చూస్తాడు, స్లైడు మీద మైక్రోస్కోపులోనూ చూస్తాడు. ఉంటే సిస్టర్‌కి చెప్తాడు. ఆ చెప్పే తీరులోనే ఉంది అంతా. "క్లాట్ అయింది" అంటే నింద. "సిస్టర్, రక్తం చాలా నెమ్మదిగా వచ్చిందా? ఈసారి పోయగానే తిప్పండి, నేను ముందు మీదే వేస్తాను" అంటే తోటి మనిషి మాట.

నర్సుల దినానికి మిఠాయిలు పంచుకోవడం, గుంపుగా ఫొటోలు దిగడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. తిరస్కరించిన ప్రతి శాంపిల్ పక్కన కారణం, మళ్లీ ఎలా తీయాలో రాసి పంపడం మీద ఉంది. కొత్తగా చేరిన సిస్టర్‌ని ఒక పూట ల్యాబ్‌లో కూర్చోబెట్టడం మీద ఉంది. కొత్త టెక్నీషియన్‌ని అంతకంటే ముందు ఓ తెల్లవారుజామున వార్డుకి పంపాలి. డయాలసిస్ పేషెంటు చేతిలో నరం దొరక్క సిస్టర్ వేళ్లతో వెతుక్కోవడం పక్కన నిలబడి చూసినవాడు, "మళ్లీ పంపండి" అనేముందు ఒక్క క్షణం ఆగుతాడు.

ఫోను గురించి ఇంకో మాట. ప్రాణం మీదికొచ్చే అంకెలు వస్తే రిపోర్టు ప్రింటయ్యే దాకా ఆగకుండా వెంటనే చెప్పాలన్న పద్ధతిని అమెరికాలో జార్జ్ లండ్‌బర్గ్ అనే పాథాలజిస్టు 1972లో రాసి వ్యాప్తిలోకి తెచ్చారు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లో కూడా దానికి రిజిస్టర్ ఉంటుంది. ల్యాబ్ చెప్తుంది, సిస్టర్ రాసుకుని తిరిగి చదివి వినిపించాలి. తిరిగి చదవమంటే తనని నమ్మలేదని కొందరు సిస్టర్లు నొచ్చుకుంటారు. వార్డు రొదలో ఫిఫ్టీన్ అన్నది ఫిఫ్టీగా వినబడటానికి ఎంతసేపు? అందుకే వన్ ఫైవ్ అని విడివిడిగా చెప్పడం మేలు.

ఇక మంచం పక్కన కూర్చునే మీకు. సెలైన్ ఎక్కుతున్న చేతికే రక్తం తీయబోతుంటే ఆ మాట సిస్టర్‌కి గుర్తుచేయండి, గ్లూకోజ్ ఎక్కుతున్న చేతిలోంచి తీస్తే షుగరు ఆకాశానికి అంటుతుంది. ట్యూబు మీద పేరు మీ ముందే రాయమనండి. బ్లడ్ బ్యాంకుకి వెళ్లే ట్యూబైతే ఇంకా పట్టుబట్టండి, అక్కడ పేరు తారుమారైతే ఒకరికి ఎక్కాల్సిన గ్రూపు ఇంకొకరికి ఎక్కుతుంది. మళ్లీ సూదితో వస్తే కోప్పడకుండా, "ఎందుకు పనికిరాలేదన్నారమ్మా?" అని అడగండి. ఆమెకి తెలియకపోతే ల్యాబ్‌కి ఫోను చేసి కనుక్కోవాల్సి వస్తుంది. ల్యాబ్ కూడా కారణం చెప్పక తప్పదు.

సెలవు, నమస్కారం.