మూడు కోచింగ్ సెషన్లు, నన్ను కదిలించిన ఒక్క ప్రశ్న: నెల్లూరు నుంచి నా రివ్యూ

నమస్తే అండి. ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. ఈ మూడు సెషన్లకు నేను రూపాయి కట్టలేదు. ఒక లైఫ్ కోచ్ మేడమ్ మన ఛానెల్ చూసి, వాడి చూసి ఉన్నదున్నట్టు చెప్పమని ఉచితంగా ఇచ్చారు. ఈ వీడియోకి డబ్బులు తీసుకోలేదు, పెట్టే ముందు ఆవిడకు చూపించలేదు. నాకు నచ్చనివి కూడా ఉన్నాయి కాబట్టి పేరు చెప్పను. ప్యాకేజీలు, రేట్లు మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు, వాటి జోలికి పోను.

కోచింగ్ అనగానే మన నెల్లూరులో ఐఐటీ కోచింగే గుర్తొస్తుంది. ఇది అలాంటిది కాదు. పాఠం ఉండదు, సలహా కూడా ఉండదు. ప్రశ్నలు అడుగుతారు, మనం ఆలోచించాలి. లక్ష్యం ఏంటి, ఇప్పుడు ఎక్కడున్నాం, ఏయే దారులున్నాయి, చివరికి ఏం చేస్తాం. ఈ వరసకి గ్రో మోడల్ అని పేరు. దీన్ని ప్రపంచానికి పరిచయం చేసినవాళ్ళలో జాన్ విట్‌మోర్ ముఖ్యుడు, ఆయన ఒకప్పుడు కార్ రేసర్.

రెండేళ్ళ కిందట నేను ఒక మోటివేషన్ ప్రోగ్రాంకి వెళ్ళాను. ఫంక్షన్ హాల్లో రెండు రోజులు. 6,000 కట్టాను. పాటలు, చప్పట్లు, ఏడుపులు. ఇంటికొచ్చేటప్పుడు ఒళ్ళంతా ఊపు. పది రోజులకి నేను మళ్ళీ పాత నేనే. ఆ డబ్బులు పోయిన బాధ కన్నా, నాలోనే ఏదో లోపం ఉందనుకున్న బాధ ఎక్కువ. అందుకే ఈసారి అనుమానంగానే కూర్చున్నాను.

మా షాపు సంగతి పాత వీడియోల్లో చెప్పాను కదా. రొయ్యల మేత, మందులు. మా వ్యాపారం అంతా అరువు మీదే. మూడు నాలుగు నెలల పంట, పట్టుబడి అయ్యాక, అంటే రొయ్యలు పట్టి అమ్మాక, కడతారు. ఇందుకూరుపేట వైపు మా చిన్నమామ నాకు రెండు పంటల మేత బాకీ ఉన్నాడు, 1,80,000. ఒక పంట తెల్లమచ్చ తెగులుకి పోయింది, అది నాకూ తెలుసు. రెండోది బాగానే వచ్చింది. అయినా నేను అడగలేదు. ఏడు నెలలుగా ఆయన ఫోన్ వస్తే టెన్షన్.

మొదటి సెషన్లో మేడమ్ అడిగింది ఇది: "ఈ గంట అయ్యేసరికి మీకు ఏం తేలాలి?" మన రొట్టెల పండగలో స్వర్ణాల చెరువులో దిగి ఏ రొట్టె కావాలో నోరు తెరిచి అడుగుతాం చూడండి, ఉద్యోగం రొట్టా, చదువు రొట్టా, ఇంటి రొట్టా అని. అలా నోరు తెరిచి చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది.

ఇప్పుడు ఈ వీడియోకి అసలు కారణమైన ప్రశ్న. రెండో సెషన్, ఆన్‌లైన్‌లో. "బాకీ అడగగలనన్న నమ్మకం మీకు పదికి ఎంత?" అన్నారు. నాలుగు అన్నాను. "మిగతా ఆరు ఏమయ్యాయి?" అంటారని కాచుకుని కూర్చున్నాను. మనందరం అలాగే పెరిగాం కదండీ. 96 మార్కులు తెస్తే మిగతా నాలుగు ఎక్కడ పోయాయని అడిగే ఇళ్ళే మనవి. ఆవిడ అలా అడగలేదు. "ఎందుకు నాలుగు? ఒకటి ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

అని ఊరుకున్నారు. నేను నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు, ఆవిడ నా జవాబు కోసం చూస్తున్నారు.

అప్పుడు నా నోటి నుంచే వచ్చింది. మేత కంపెనీ డీలర్‌తో గడువు గురించి గట్టిగా మాట్లాడింది నేనే. కరోనాలో మా నాన్న పోయాక షాపు మూతపడకుండా నిలబెట్టింది నేనే. నాకు అడగడం వచ్చు. మామ దగ్గర మాత్రం నాన్నకున్న "మంచోడు" అన్న పేరు పోతుందని భయం. ఏడు నెలలు మా ఆవిడ చెప్పింది, మా బావ చెప్పాడు, ఎవరు చెప్పినా నేను సాకు వెతికాను. నా నోటితో నేనే చెప్పుకున్నదానికి ఇక ఏ సాకూ దొరకలేదు.

తర్వాత చదివాను. విలియం మిల్లర్ అనే మానసిక శాస్త్రవేత్త 1983లో, మద్యం అలవాటుతో ఇబ్బంది పడేవాళ్ళతో మాట్లాడే పద్ధతి గురించి రాశారు. ఆ దారిలోదే ఈ ప్రశ్న. ఎందుకు తక్కువ అని అడిగితే మనిషి మారలేకపోవడానికి కారణాలు చెప్తాడు. ఎందుకు ఇంకా తక్కువ కాదని అడిగితే మారడానికి కారణాలు చెప్తాడు. ఎంత చిన్న తేడా! అప్పటి నుంచి మా అమ్మాయి మార్కుల దగ్గర కూడా నేను ఇలాగే అడుగుతున్నాను.

నచ్చనివి చెప్తాను. జీవిత చక్రం అని ఎనిమిది ముక్కల బొమ్మ పంపి ఒక్కోదానికి మార్కులు వేయమన్నారు. అంతా ఇంగ్లీషులోనే. ఆదివారం గంటన్నర కూర్చుని నింపాను, తర్వాత దాని ఊసే ఎత్తలేదు. చాలా కోపం వచ్చింది. ఇక రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో సూక్తులు, రెండో వారం మ్యూట్ చేశాను.

మీరు ఎవరి దగ్గరికైనా వెళ్ళే ముందు సర్టిఫికెట్ అడగండి, మొహమాటం వద్దు. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదు. 1995లో మొదలైన ఐసీఎఫ్ అనే అంతర్జాతీయ కోచింగ్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లలో స్థాయిలున్నాయి. మొదటి స్థాయి ఏసీసీకి 100 గంటలు, దాని పై స్థాయి పీసీసీకి 500 గంటలు కోచింగ్ చేసి ఉండాలి. ఇంకో మాట, నిద్ర పట్టక, బతకాలనిపించక ఉన్నవాళ్ళకి ఇది సరిపోదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, లేదా టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం. ఈ మాట మేడమే మొదటి రోజు చెప్పారు, అందుకు ఆవిడంటే నాకు గౌరవం.

నా తీర్పు: మూడు సెషన్ల వరకైతే సొంత డబ్బులు పెట్టి తీసుకుంటాను. పన్నెండు సెషన్ల ప్యాకేజీ నేను కొనను.

మామ దగ్గరికి వెళ్ళాను. గుంట గట్టు మీదే నిలబడి అడిగాను. ఆయన కాసేపు నీళ్ళ వైపు చూసి, "నువ్వు అడగడం లేదేందని నేనే అనుకుంటున్నా అబ్బయ్యా" అన్నాడు. 60,000 ఇచ్చాడు, మిగతాది వచ్చే పట్టుబడికి. లోపలికి తీసుకెళ్ళి అత్త చేత చేపల పులుసుతో అన్నం పెట్టించాడు.